జబ్బుపడిన కుక్కపిల్లకు తగిన ఆహారము



పంటల సంగతులు, పాడి సంగతులు చదువుకొనే ఈ పుటలలో కుక్కపిల్ల ప్రసక్తి ఎందుకని మీకు అనిపించవచ్చును. వేరుశనగ చేనులో రాత్రివేళ అడవి పందులు దిగినప్పుడు మనకంటె ముందు పసిగట్టేది ఎవరు? కల్లములో రాశి వద్ద, గొర్రెల దొడ్డి వద్ద, తోటలో మోటారు పాక వద్ద జీతము లేకుండా కావలి కాసేది ఎవరు? ఎద్దుకు దాణా లెక్క, కోడికి మేత లెక్క తెలిసిన రైతు ఈ కావలివానికి మాత్రము మిగిలిన చల్ది అన్నము వేసి ఊరుకుంటాడు. పెద్ద కుక్క ఎట్లో దానితో నెట్టుకొని వస్తుంది. ఎదుగుచున్న పిల్ల, అందులోను జబ్బుతో ఉన్న పిల్ల, అట్లు నెట్టుకొని రాలేదు.

ఈ సంగతి నాకు ఎట్లు తెలిసివచ్చినదో ముందు చెప్పుట న్యాయము. నేను పని చేయు ప్రాంతములో వేరుశనగ పండించు ఒక రైతు రెండు కుక్కపిల్లలను తెచ్చుకొన్నాడు. వాటి వయస్సు సుమారు రెండు నెలలు. పొలము చూచుటకు పోయినప్పుడు ఆయన వాటిని నా ముందు పెట్టినాడు.

“చూడండి సార్, రెండూ ఎముకలు తేలినాయి. పాలు, అన్నం వేళకు పెడుతూనే ఉన్నాం. పొట్ట చూస్తే కుండలా ఉంది, ఒళ్లు చూస్తే పుల్లలా ఉంది. ఏం పెడితే కోలుకుంటాయి?”

నేను చదివినది వ్యవసాయ శాస్త్రము. దూడల పోషణ కొంత తెలుసును. ఆ లెక్కే ఇక్కడా వేసి, “పాలు ఇంకా పెంచండి, ఒళ్లు అదే వస్తుంది” అని చెప్పి వచ్చినాను. ఆ రైతు నా మాట నమ్మి ఉదయము, సాయంకాలము గేదె పాలు నిండుగా పోసినాడు. నాలుగవ రోజుకు రెండింటికీ విరేచనములు పట్టుకొన్నవి. మరుసటి రోజు ఒకటి చనిపోయినది. రెండవదానిని గంపలో పెట్టుకొని మేము ఇద్దరము పశువైద్యశాలకు పరుగెత్తినాము.

అక్కడి డాక్టరు గారు మందు వ్రాయుటకు ముందు పిల్ల పెదవి ఎత్తి చిగుళ్లు చూచినారు, పొట్ట తడిమినారు, మలమును సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించినారు. తరువాత మూడు ప్రశ్నలు వేసినారు. ఏమి పెడుతున్నారు? నట్టల మందు ఎప్పుడు వేసినారు? ఇంటిలో చిన్న పిల్లలు ఉన్నారా? మొదటి ప్రశ్నకే మావద్ద సరియైన జవాబు ఉన్నది. మందు ఒక్కసారియు వేయలేదు. ఇంటిలో నేలమీద ప్రాకు బిడ్డ ఉన్నది.

ఆయన చెప్పినది ఇది: జబ్బుపడిన పిల్లకు కావలసినది ఎక్కువ ఆహారము కాదు, ఆ జబ్బుకు తగిన ఆహారము. జబ్బు ఏదో తెలియక పెట్టిన మంచి తిండి కూడ చెరుపు చేయగలదు. ఆనాడు ఆయనవద్ద తెలుసుకొన్నదియు, తరువాత చదివి, చూచి నేర్చుకొన్నదియు మీ ముందు ఉంచుచున్నాను.

ముందు పిల్లను చూడండి

గిన్నె నింపుటకు ముందు పిల్లను వెలుతురులో నిలబెట్టి అయిదు సంగతులు గమనించండి.

మొదటిది బరువు. మీరు పిల్లను ఎత్తుకొని కాటాపై నిలబడి, తరువాత మీ బరువు తీసివేసిన పిల్ల బరువు తెలియును. వారమునకు ఒకసారి ఈ బరువును గోడమీదనైనను వ్రాసి ఉంచండి. ఎదుగు వయస్సులో పిల్ల బరువు వారము వారము పెరగవలెను. పెరుగుట ఆగినదంటే ఎక్కడో లోపము ఉన్నదన్నమాట. రెండవది చిగుళ్లు. లేత గులాబి రంగులో ఉండవలెను. పాలిపోయి తెల్లగా ఉన్నచో రక్తము తక్కువైనదని గ్రహించండి. మూడవది పొట్ట. తిన్న వెంటనే నిండుట సహజము. ఎల్లప్పుడును ఉబ్బియుండి, ప్రక్కటెముకలు తేలి ఉన్నచో లోపల ఏలికపాములు ఉండవచ్చును. నాలుగవది మలము. దాని రంగు, గట్టితనము, అందులో జిగురు, రక్తము, పురుగులు ఉన్నవా అని చూడండి. అయిదవది నడక. ముందుకాళ్లు వంగినవా, లేచునప్పుడు నొప్పితో అరచుచున్నదా అని చూడండి.

పాలు, అన్నము ఎందుకు చాలవు?

తల్లికుక్క పాలకు, మన పశువుల పాలకు చాల భేదము గలదు. కుక్క పాలలో మాంసకృత్తులు నూటికి 7 పాళ్ల వరకును, క్రొవ్వు 9 పాళ్ల వరకును ఉండును. ఆవు పాలలో మాంసకృత్తులు 3 పాళ్లు మించి స్వల్పము, క్రొవ్వు సుమారు 4 పాళ్లు. గేదె పాలలో క్రొవ్వు ఎక్కువైనను మాంసకృత్తులు 4 పాళ్లే. పాలలోని చక్కెర మాత్రము మన పశువుల పాలలోనే అధికము. తల్లిపాలు మానిన పిల్ల ప్రేగులలో ఈ చక్కెరను అరిగించు శక్తి క్రమముగా తగ్గిపోవును. అరగని చక్కెర ప్రేగులలో పులిసి, నీటిని లాగి, విరేచనములు కలిగించును. నేను ఆ రైతుకు చెప్పిన సలహాలోని తప్పు ఇదే. తోడుపెట్టిన పెరుగులో ఈ చక్కెర కొంత తగ్గును. అందుచేత కొద్దిగా పెరుగు అనేక పిల్లలకు పడును.

ఇక అన్నము చెడ్డది కాదు. కుక్క మనిషితో వేల యేండ్లుగా కలిసి బ్రతికిన జంతువు. మెత్తగా ఉడికిన పిండి పదార్థమును అది చక్కగా అరిగించుకొనగలదు. కాని ఎదుగు పిల్ల తినే తిండిలో, నీరు తీసివేసి లెక్క చూచినచో, నూటికి 22 పాళ్లకు తక్కువ కాకుండ మాంసకృత్తులు ఉండవలెను. బియ్యములో ఉండునది సుమారు 7 పాళ్లు మాత్రమే. కావున అన్నము కడుపు నింపును గాని కండ పెంచదు.

ఆరోగ్యముగా ఉన్న 3 కిలోల పిల్లకు రోజుకు ఇంచుమించు 450 కిలోకేలరీల ఆహారము కావలెను. అన్నము 150 గ్రాములు, ఎముక లేకుండ ఉడికించిన కోడిమాంసము 100 గ్రాములు, ఉడికించిన కోడిగ్రుడ్డు ఒకటి, ఉడికించిన గుమ్మడి లేక కారెట్ ముక్కలు కొద్దిగా కలిపిన ఆ లెక్క సరిపోవును. ఉప్పు, కారము, తాలింపు అక్కరలేదు. మాంసము వండని ఇండ్లవారు గ్రుడ్లు, పెరుగు, మెత్తగా ఉడికిన పెసరపప్పు వాడుకొనవచ్చును. ఎదుగు దశలో గ్రుడ్డును కూడ మానివేసినచో పోషణ సరిగా కుదురుట కష్టము. గ్రుడ్డును పచ్చిగా గాక ఉడికించియే పెట్టండి.

ఈ మొత్తమును మూడు నెలల వయస్సు వరకు రోజుకు నాలుగు సార్లుగాను, ఆరు నెలల వరకు మూడు సార్లుగాను, ఆ తరువాత రెండు సార్లుగాను పంచి పెట్టవలెను. శుభ్రమైన నీరు ఎప్పుడును ప్రక్కన ఉండవలెను.

విరేచనములు పట్టుకొన్న పిల్లకు

విరేచనములు పట్టిన పిల్లను పస్తు ఉంచవలెనని పూర్వము చెప్పెడివారు. చిన్న పిల్ల విషయములో ఇది ప్రమాదము. దాని ఒంటిలో నిలువ శక్తి స్వల్పము. కొన్ని గంటలు ఏమియు తినకున్నను రక్తములోని చక్కెర పడిపోయి, పిల్ల వణకుచు సోలిపోవచ్చును.

వాంతులు లేక, చురుకుగానే ఉన్న పిల్లకు పాలు పూర్తిగా మానండి. రెండు పాళ్లు మెత్తని అన్నము, ఒక పాలు ఎముక లేని ఉడికిన కోడిమాంసము మెదిపి, చర్మము, క్రొవ్వు తీసివేసి, కొద్ది కొద్దిగా రోజుకు అయిదారు సార్లు పెట్టండి. కాచి చల్లార్చిన నీరు, మందుల దుకాణములో దొరకు ఓ.ఆర్.ఎస్. నీరు చెంచాలతో మాటిమాటికి త్రాగించండి. పొట్లముపై చెప్పినంత నీటిలోనే కలుపవలెను. మలము గట్టిపడిన తరువాత అయిదు నుండి ఏడు రోజులలో పాత తిండిని కొంచెము కొంచెముగా కలుపుచు మార్చండి. ఒకే రోజున తిండి మార్చుట మంచి పిల్లకు సైతము విరేచనములు తెప్పించును.

వాంతులు, దుర్వాసనతో రక్తపు విరేచనములు, దిగాలుగా పడియుండుట, ఇవి ఉన్నచో ఇంటి వైద్యమునకు కూర్చొనకండి. పార్వో అను అంటువ్యాధి కావచ్చును. ఇది 1978 ప్రాంతములో ప్రపంచమంతట వ్యాపించిన జబ్బు. టీకా వేయని పిల్లలను రెండు మూడు రోజులలో తీసుకొనిపోవును. దీనికి ఆహారము మందు కాదు. అదే రోజు పశువైద్యశాలకు చేర్చవలెను. అక్కడ సెలైను ఎక్కించి, వాంతి ఆగిన వెంటనే కొద్దిగా ఆహారము మొదలుపెట్టుదురు. ఈ టీకాను ఆరు నుండి ఎనిమిది వారముల వయస్సులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారములకు ఒకసారి చొప్పున పదహారు వారముల వయస్సు వరకు వేయించవలెను.

పొట్ట ఉబ్బి, ఒళ్లు చిక్కిన పిల్లకు

ఇది మన పల్లెలలో అన్నిటికంటె తరచుగా కనిపించు జబ్బు. ఏలికపాముల పిల్లలు తల్లి కడుపులో ఉండగానే కుక్కపిల్లకు చేరును. కొంకిపురుగులు తల్లిపాల ద్వారా చేరును. కావున పుట్టిన పిల్లలు అన్నింటికిని ఇవి ఉన్నట్లే భావించి మందు వేయవలెను. మీరు పెట్టిన ఆహారములో ముందు వాటా వీటిదే. కొంకిపురుగులు రక్తము కూడ పీల్చును. అటువంటి పిల్లకు ఎంత కాలేయము, ఎంత గ్రుడ్డు పెట్టినను మందు పడనిదే చిగుళ్లకు రంగు రాదు.

రెండవ వారమున మొదలుపెట్టి మూడు నెలల వరకు రెండు వారములకు ఒకసారి, తరువాత ఆరు నెలల వరకు నెలకు ఒకసారి మందు వేయించండి. తల్లికి కూడ వేయించవలెను. గొర్రెలకు తెచ్చిన నట్టల మందు మిగిలినది గదా అని దానినే పోయువారు ఉన్నారు. అట్లు ఎన్నడును చేయరాదు. ఆ మందుల మోతాదు వేరు. కొన్ని మందులు కుక్కపిల్లలకు ప్రాణము మీదికి తెచ్చును. డాక్టరు చెప్పిన మందును పిల్ల బరువును బట్టి వేయవలెను. మందు పడిన తరువాత పై లెక్క ప్రకారము గ్రుడ్డు, మాంసము కలిసిన ఆహారమును తక్కువ మోతాదుతో మొదలుపెట్టి వారము రోజులలో పూర్తి మోతాదుకు పెంచండి.

డాక్టరు గారు బిడ్డను గురించి ఎందుకు అడిగినారో ఇప్పుడు చెప్పెదను. ఈ ఏలికపాముల గ్రుడ్లు మట్టితోపాటు పసిబిడ్డల నోటిలోనికి పోయినచో, వాటి పిల్లలు కాలేయమునకు, ఒక్కొక్కప్పుడు కంటికి కూడ చేరి చెరుపు చేయును. మలములో పడిన గ్రుడ్లు వెంటనే అంటవు. అంటు శక్తి వచ్చుటకు కొన్ని దినములు, ఒక్కొక్కప్పుడు వారములు పట్టును. కాబట్టి ప్రతిదినము మలమును ఎత్తి పూడ్చివేసినచో చాలవరకు భయము తీరును. పిల్లను ముట్టుకొన్న బిడ్డలకు చేతులు కడిగించండి.

కాళ్లు వంగిన పిల్లకు

ఉత్త అన్నముతో పెరిగిన పిల్లకును, ఉత్త మాంసముతో పెరిగిన పిల్లకును ఈ జబ్బు రావచ్చును. ఎముకకు కాల్షియము, భాస్వరము రెండును తగు పాళ్లలో కావలెను. మాంసములో భాస్వరము బాగుగా ఉండును గాని కాల్షియము బహు స్వల్పము. అప్పుడు శరీరము తన ఎముకలనుండియే కాల్షియమును లాగుకొనును. ఎముకలు మెత్తబడి వంగును, చిన్న దెబ్బకే విరుగును.

ఎండలో కట్టివేసిన ఎముకలు గట్టిపడునని కొందరు అందురు. మనిషికి ఎండ వలన ‘డి’ విటమిను తయారగుట నిజమే. కుక్క చర్మమునకు ఆ శక్తి చాలినంత లేదు. అది ఆహారములోనుండియే రావలెను. గ్రుడ్డులోని పచ్చసొన, ఉడికిన చేప, కొద్దిగా కాలేయము ఇందుకు ఉపకరించును. కాలేయము వారమునకు ఒకటి రెండు సార్లు, చిన్న ముక్కలే చాలును. మితిమీరిన అందులోని ‘ఎ’ విటమిను పేరుకొని ఎముకలకే హాని చేయును.

కోడిగ్రుడ్డు పెంకు దాదాపు అంతయు కాల్షియము కార్బొనేటే. పెంకులను కడిగి, నీటిలో మరిగించి, ఎండబెట్టి, మెత్తని పొడి చేసి, పైన చెప్పిన 3 కిలోల పిల్ల ఆహారములో రోజుకు అర టీ చెంచా కలుపవచ్చును. ఐతే దీనితోనే అన్ని లోపములును తీరవు. ఇంటి తిండితోనే పెంచదలచినవారు కుక్కలకని తయారు చేసిన ఖనిజ లవణములు, విటమినులు ఏవి, ఎంత కలుపవలెనో డాక్టరును అడగండి. పాడిపశువుల ఖనిజ మిశ్రమము వాడకండి. దాని పాళ్లు పశువులకు తగినట్లు కూర్చినవి. పెద్ద జాతి పిల్లలకు కాల్షియము ఎక్కువైనను కీళ్లు చెడును. ఇప్పటికే వంగిన కాళ్లను డాక్టరుకు చూపించి, తగ్గువరకు పిల్లను దూకనీయక నెమ్మదిగా ఉంచండి.

బొచ్చు ఊడి, గజ్జి పట్టిన పిల్లకు

ఆహార లోపము వలన బొచ్చు పలచబడుట కద్దు. కాని ఎక్కువభాగము గజ్జి పురుగులు, గోమార్ల వలన వచ్చునది. ఆహారము మార్చినంత మాత్రమున ఇది పోదు. ఇంజను నుండి తీసిన పాత నూనె పూయువారు చాలమంది ఉన్నారు. పిల్ల దానిని నాకి విషము మ్రింగును. ముందు పురుగు పోవుటకు మందు వేయించి, గ్రుడ్డు, చేప గల ఆహారము పెట్టండి. క్రొత్త చర్మము, క్రొత్త బొచ్చు వచ్చుటకు మాంసకృత్తులు మిక్కిలి అవసరము.

పెట్టకూడనివి

రైతు ఇంటిలో ముఖ్యముగా జాగ్రత్త పడవలసినది బూజు పట్టిన వేరుశనగ చెక్క, వేరుశనగ గింజలు, మొక్కజొన్న. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినవి. కారణము వెదకగా, వాటి మేతలో కలిపిన వేరుశనగ చెక్కలో ఒక బూజు విడిచిన విషము బయటపడినది. అదే అఫ్లాటాక్సిన్. కుక్కల కాలేయమునకు ఇది మిక్కిలి చెరుపు. ఉడికించినను ఈ విషము పోదు. పశువులకు పనికిరాదని తీసివేసిన చెక్కను కుక్కకు వేయకండి.

ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణములను చెరచును. కావున మన పులుసులు, కూరలు కలిపిన అన్నము జబ్బు పిల్లకు తగదు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడ పెట్టరాదు. ఉడికిన కోడి ఎముకలు చీలి గొంతులో, ప్రేగులలో గుచ్చుకొనును. గొర్రెలను కోసిన చోట పారవేసిన పచ్చి కాలేయము, ఊపిరితిత్తులు కుక్కలకు వేయరాదు. వాటిలోని నీటితిత్తుల వలన కుక్కలో బద్దెపురుగు పెరిగి, దాని గ్రుడ్ల ద్వారా తిరిగి గొర్రెలకును, మనుష్యులకును అదే జబ్బు అంటును. ఎలుకల మందు పెట్టిన రోజున పిల్లను కట్టివేయండి.

కొనితెచ్చు ఆహారము

ఇప్పుడు మండల కేంద్రములలో సైతము సంచులలో కుక్కల ఆహారము దొరకుచున్నది. కొనదలచినచో సంచిమీద ‘పప్పీ’ అని, అనగా ఎదుగు పిల్లలకని వ్రాసియున్నదియు, గడువు తేదీ దాటనిదియు చూచి కొనండి. పాలపండ్ల పిల్లకు గోరువెచ్చని నీటిలో నానబెట్టి పెట్టండి. మంచి ఆహారమైనచో దానిపై మరల కాల్షియము కలుప నక్కరలేదు. ఖరీదు ఎక్కువైనది గనుక జబ్బు కుదుర్చునని మాత్రము అనుకొనకండి. పురుగులున్న పిల్లకు ఏ సంచి ఆహారమైనను పురుగుల పాలే.

గ్రామోద్యోగులకు ఒక మనవి

మీ గ్రామములో కుక్క ఈనినదని తెలిసినప్పుడు ఆ ఇంటివారికి మూడు తేదీలు వ్రాసి ఇవ్వండి: నట్టల మందు మొదటి తేదీ, పార్వో టీకా తేదీ, మూడు నెలలు నిండిన వెంటనే వేయించవలసిన రేబిస్ టీకా తేదీ. పశుసంవర్ధక సహాయకునికి ముందుగా తెలిపినచో ఒకే రోజున వీధిలోని పిల్లలన్నింటికిని పని జరుగును. పిచ్చికుక్క కాటు వలన వచ్చు మరణమును తప్పించుటలో ఇది మన చేతిలో ఉన్న సులభమైన పని.

ఇక ఆ రైతు రెండవ పిల్ల సంగతి. రెండు రోజులు సెలైను, మందు పడిన తరువాత మెదిపిన అన్నము, కోడిమాంసము చెంచాతో తినిపించినారు. పది రోజులకు గ్రుడ్డు మొదలైనది. ఆ ఇల్లాలు గోడమీద బొగ్గుతో ప్రతి వారము బరువు వ్రాసినది. వచ్చిన రోజున 2 కిలోలకు తక్కువగా ఉన్నది, రెండు నెలలకు 6 కిలోలు దాటినది. నేడు అది ఆ చేనుకు కావలి. నేను పోయినప్పుడు గట్టుమీదనే నిలిపివేసి మొరుగును. ఆ రైతు నన్ను ఏనాడును ఒక మాట అనలేదు. “రెండూ ఉంటే ఆ పక్క చేనుకు కూడా సరిపోయేవి సార్” అని మాత్రము ఒకసారి అన్నాడు.

కావున మీ ఇంటిలో పిల్ల తిండి మానినను, చిక్కినను, పాలచెంబు అందుకొనుటకు ముందు దాని పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి, పొట్ట చూడండి, మలము చూడండి. చూచినది డాక్టరుకు చెప్పండి. ఆ తరువాతనే గిన్నెలో ఏమి వేయవలెనో నిర్ణయించండి.